మా పువ్వులు కింద ఊరికి చేరాయి

నేను రిటైరై ఏడాది కావస్తోంది. మధ్యాహ్నం భోంచేసి, రాజమండ్రిలో మా ఇంటి వరండాలో పడక్కుర్చీలో వాలితే కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. పూర్తిగా నిద్ర పట్టదు. అలాంటప్పుడు ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పిన క్లాసురూము నా కలలోకి రాదు. మైక్రోస్కోపులు రావు, మీటింగులు రావు. ఒక పంట కాలువ వస్తుంది. డిసెంబరు మంచులో దాని అవతలి గట్టు కనబడదు. ఇవతలి గట్టున యాభై మంది పిల్లలు దుప్పట్లు కప్పుకుని వరసగా కూర్చుని పళ్ళు తోముకుంటూ ఉంటారు. ఎవరూ మాట్లాడరు. నీళ్ళు మాత్రం నెమ్మదిగా కదులుతూ ఉంటాయి. నేను పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెడతాను. సగంలో ఎక్కడో లెక్క తప్పి నిద్రపోతాను.

పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. దాంతోపాటు పద్దెనిమిదేళ్ళు మా యూనివర్సిటీ కాలేజీలో విద్యార్థి వాలంటీర్ల బాధ్యత కూడా నా మీదే ఉండేది. వారానికో పూట చుట్టుపక్కల ఏదో ఒక పని, ఏడాదికోసారి ఒక ఊళ్ళో ఏడు రోజుల క్యాంపు. ఆ బాధ్యతకి అదనంగా దక్కేది తలనొప్పి మాత్రమే. ఇప్పుడు ఆ కుర్చీలోకి కొత్త లెక్చరరు వచ్చింది. మంచి పిల్ల. మొన్న ఫోన్ చేసి, "మేడమ్, ఫైళ్ళన్నీ చదివానండి. అంతా బాగానే ఉంది కానీ, అసలీ పనేంటో నాకర్థం కాలేదండి" అంది.

ఆ ఫైళ్ళు చదివితే నాకూ అర్థం కాదమ్మా అన్నాను. వాటిలో ఉన్నదంతా నేను రాసిందే. నాకు పని నేర్పిన సంగతులు మాత్రం అందులో లేవు. అవి ఇక్కడ రాస్తున్నాను, ఆ అమ్మాయి కోసమూ, ఆమెలాగే ఈ బాధ్యత నెత్తిన పడ్డ మిగతా కొత్తవాళ్ళ కోసమూ.

పిల్లలు ఎందుకొస్తారు

సర్టిఫికెట్ కోసం వస్తారు. ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటపడక్కర్లేదు. కొందరు హాస్టల్ భోజనం పడక క్యాంపుకొస్తారు. కొందరు, తమ మనసులో ఉన్న అమ్మాయి పేరు ఇచ్చిందని తెలిసి తామూ పేరిస్తారు. మొదట్లో నాకిది చాలా కష్టంగా ఉండేది. సేవ అంటే ఏమిటో ముప్పావుగంట ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఒకసారి ముందు వరసలోనే ఒకబ్బాయి కళ్ళు తెరుచుకునే నిద్రపోవడం చూశాక ఉపన్యాసాలు మానేశాను. ఎందుకొచ్చినా రానివ్వండి. వచ్చాక వాళ్ళ చేతికి నిజమైన పని దొరుకుతోందా లేదా అన్నది మాత్రం మీరు చూసుకోవాలి.

నిజం కాని పనులు నేనూ చాలా చేయించాను. ఒక బడి ఆవరణలో మూడేళ్ళు వరసగా అవే గోతుల్లో మొక్కలు నాటించాను. వేసవిలో వాటికి నీళ్ళెవరు పోస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాల్సింది వృక్షశాస్త్రం లెక్చరర్నైన నేనే. మూడో ఏడు ఆ బడి హెడ్మాస్టారు, "రండి మేడమ్ గారూ, గోతులు సిద్ధంగా ఉన్నాయండి" అని నవ్వుతూ ఎదురొచ్చారు. ఆయన ఎగతాళి చెయ్యలేదు, మర్యాదకే నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇంకో మాట. బ్యానర్ ఎంత పెద్దదైతే పని అంత చిన్నది. ఇది నా సొంత సూత్రం, పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

మంచులో ఊరు

అసలు చెప్పదల్చుకున్నది ఒక క్యాంపు గురించి. నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు జరిగింది. పెనుగొండ దాటి మొగల్తూరు వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేసి పలకరిస్తుంటారు కాబట్టి పేరు చెప్పను. కాలువకి ఎగువన ఉంది కనక పై ఊరు అంటాను. దానికి దిగువన, అదే కాలువ చివర, ఇంకో చిన్న ఊరు ఉంది. అది కింద ఊరు.

పై ఊరి హైస్కూల్లో మా మకాం. తెల్లవారితే ఊరు కనబడేది కాదు. ముందు ఒక గుడి గంట వినబడేది, తరవాత పాలకేంద్రం దగ్గర క్యానుల చప్పుడు, తరవాత ఎవరిదో దగ్గు. అలా చప్పుళ్ళుగా మొదలై, తొమ్మిదింటికి కొబ్బరిచెట్ల తలలు తేలి, పదింటికి ఊరు మొత్తం బయటపడేది. సిటీ పిల్లలు బడి మెట్ల మీద టీ గ్లాసులు పట్టుకుని మాటల్లేకుండా అదంతా చూస్తూ ఉండిపోయేవాళ్ళు. రీల్స్ తీసుకునేవాళ్ళు కూడా కాసేపటికి ఫోను జేబులో పెట్టేసేవాళ్ళు. నా ఉద్యోగం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన గంటలు అవే.

ఆ ఏడు పిల్లలకి నాయకురాలు హారిక. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, మా డిపార్ట్‌మెంటే. పుట్టి పెరిగిందంతా రాజమండ్రి నడిబొడ్డున, మేడ మీద ఇంట్లో. చురుకైన పిల్ల. ఎవరెప్పుడు ఏం చెయ్యాలో ముందు రోజే వాట్సాప్ గ్రూపులో పెట్టేసేది. బురదలో కాలు పెట్టాలంటే మాత్రం ముందు నా మొహం చూసేది.

మాకు అప్పజెప్పిన పని కాలువలో గుర్రపుడెక్క తియ్యడం. డెల్టాలో పుట్టినవాళ్ళకి దాని గురించి చెప్పక్కర్లేదు. నీళ్ళ మీద తేలుతూ, ఊదారంగు పువ్వులు పూస్తూ, చూస్తుండగానే కాలువంతా చాపలా పరుచుకునే మొక్క అది. ఆ చాప మీద కొంగలు నడుస్తాయి. వెదురు గెడలకి కొక్కేలు కట్టి, లాగి, గట్టెక్కించి, దూరంగా కుప్ప వెయ్యాలి. ఒక్కో మోపు తడి గోనెసంచంత బరువుంటుంది. మూడు రోజులు పనిచేస్తే సగం దూరం అయింది. పిల్లల అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా పాటలు పాడుకుంటూ లాగేవాళ్ళు. మధ్యాహ్నం ఎండలో కాలువ నీళ్ళు అరచేయంత అరచేయంత ముక్కలుగా బయటపడుతుంటే చూడ్డానికి ఎంతో హాయిగా ఉండేది.

నీళ్ళు కనబడాలి

మూడో రోజు మధ్యాహ్నం మా ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. మర్నాడు యూనివర్సిటీ నుంచి పెద్ద అధికారి ఒకాయన క్యాంపు చూడ్డానికి వస్తున్నారు.

"ఎంతవరకు వచ్చింది మేడమ్?"

"సగం అయిందండి."

"సగమేంటండీ? ఫొటోలో నీళ్ళు కనబడాలి కదా. రేపు పొద్దున్నకి క్లీన్‌గా ఉండాలి, ఏం చేస్తారో మరి" అని పెట్టేశారు.

ఆయన చెడ్డవారేమీ కాదు. పిల్లల ఫీజుల విషయంలో ఎవరికైనా ఇబ్బంది వస్తే తానే ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. ఫొటో అంటే మాత్రం ఆయనకి ప్రాణం. ఇలాంటి పై అధికారి మీకూ ఒకరు తప్పకుండా దొరుకుతారు. ఆయన్ని తిట్టుకోవడంతో సరిపెట్టుకోకండి, ఎందుకంటే తరవాత జరిగింది ఆయన చెయ్యలేదు.

పిల్లలతో విషయం చెప్పాను. అందరూ చేతులు చూసుకున్నారు. అప్పుడు హారిక వంతెన దగ్గరికెళ్ళి కాసేపు నీళ్ళలోకి చూసి వచ్చింది. మిగిలిన గుర్రపుడెక్క అంతా వంతెన కింద అడ్డంగా కట్టిన రెండు వెదుళ్ళని ఆనుకుని ఆగి ఉంది.

"మేడమ్, ఆ వెదుళ్ళు తీసేస్తే చాలండి. కాలువే మోసుకుపోతుంది. మనం లాగక్కర్లేదు."

ఆ మొక్క గురించి పాతికేళ్ళు పాఠం చెప్పినదాన్ని నేను. ఎంత వేగంగా పెరుగుతుందో, ఎక్కడ అడ్డు దొరికితే అక్కడ ఎలా పేరుకుంటుందో బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినదాన్ని. కాలువ ఎక్కడికి మోసుకుపోతుంది, అక్కడ ఎవరుంటారు అన్న రెండు ప్రశ్నలూ నా నోట్లోంచి రావాలి. రాలేదు. "భేష్, అలా చెయ్యండి" అన్నాను.

వెదుళ్ళు తీశారు. ముందు ఏమీ కాలేదు. తరవాత ఆ పచ్చటి చాప ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, మధ్యలో చీలి, నెమ్మదిగా బయల్దేరింది. సాయంత్రం ఎండ. వందలకొద్దీ ఊదా పువ్వులు నీళ్ళ మీద నిలబడి ఊరేగింపుగా వంపు తిరిగి వెళ్ళిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. గంటలో కాలువంతా అద్దంలా అయిపోయింది. నిజం చెప్పాలంటే నేను చూసిన అందమైన దృశ్యాల్లో అదొకటి. అందులో నా తప్పు కూడా ఉందని తెలిశాక కూడా ఆ అందం తగ్గలేదు, ఏం చెయ్యను.

మర్నాడు అధికారి వచ్చారు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

లస్కరు తెచ్చిన కబురు

ఐదో రోజు పొద్దున్న, ఇంకా మంచు విడవకముందే, బడి గేటు దగ్గర సైకిలు బెల్లు వినబడింది. లస్కరు అబ్బులు. కాలువ గట్ల మీద తిరుగుతూ ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకునే మనిషిని లస్కరు అంటారు. నీటిపారుదల శాఖలో అందరికన్నా చిన్న ఉద్యోగం, కాలువ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన ఉద్యోగం. తలకి మఫ్లరు చుట్టుకుని సైకిలు దిగకుండానే అన్నాడు:

"మేడమ్ గారండీ, మీ పువ్వులు కింద ఊరికి చేరాయండి."

నవ్వుతున్నాడేమోనని మొహం చూశాను. నవ్వట్లేదు.

పిల్లల్ని తీసుకుని గట్టు వెంబడి నడిచాం. కింద ఊరి మొదట్లో రోడ్డు కింద చిన్న తూము ఉంది. మేం వదిలిన గుర్రపుడెక్క అంతా అక్కడ ఇరుక్కుపోయింది. నీళ్ళకి దారి లేక కాలువ ఉబ్బి, పక్కనున్న పల్లపు గట్టు మీంచి పొర్లి, ఒక ఆకుమడిలో పడింది. ఆకుమడి అంటే వరినారు పెంచే మడి. మొలకెత్తిన విత్తనాలు చల్లి అప్పటికి రెండు రోజులే అయింది. అవి వేరు పట్టకముందే నీళ్ళు ఊడ్చుకుపోయాయి.

మడిలో మోకాలి లోతు నీళ్ళలో ఒకామె నిలబడి ఉంది. పేరు ఆదిలక్ష్మి. యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక ఒక ఎకరం కౌలుకి చేసుకుంటోంది. మమ్మల్ని, మా తెల్ల టోపీల్ని, టోపీల మీద అచ్చేసిన కాలేజీ పేరుని ఒకసారి చూసింది.

"మీరేనా తోసింది?" అంది.

పిల్లలు ఒక్కొక్కరే టోపీలు తీసేశారు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. మీ ఊరు సుబ్బరం చేసుకుని మా నెత్తిన పోత్తారా? చదువుకున్నోళ్ళు కదా, నీళ్ళు కిందకి పోతాయని తెలీదా మీకు?"

చాలాసేపు తిట్టింది. నన్నూ తిట్టింది. తిట్టడం అయ్యాక మడిలోంచి గట్టెక్కి, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ కూర్చుని, అప్పుడు ఏడ్చింది. హారిక నా పక్కనే నిలబడి ఉంది.

ఆ రోజంతా ఆ తూము దగ్గరే పనిచేశాం. పాటల్లేవు. లాగిన ప్రతి మోపూ గట్టెక్కించాం. సాయంత్రానికి నీళ్ళు దిగిపోయి ఆకుమడి బయటపడింది. అందులో బురద తప్ప ఏమీ లేదు.

సంగతి పూర్తిగా తెలిసింది అప్పుడే. దాళ్వా, అంటే ఈ రెండో పంట, కాలువ నీళ్ళ మీదే బతకాలి. ఆ నీళ్ళు వేసవి మొదట్లో కట్టేస్తారు. ఆమె అసలే ఆలస్యంగా చల్లింది, ఇప్పుడు మళ్ళీ మొలక కట్టి చల్లితే పంట వెన్ను వేసే వేళకి నీళ్ళుండవు. పైగా ఆమె దగ్గర ఇంక విత్తనం లేదు. ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఆ చేను గలాయన భీమవరంలో ఉంటారు. చుట్టూ ఉన్న చేలన్నీ ఒక్కొక్కటీ చేపల చెరువులైపోతున్నాయి. ఈ దాళ్వాకి ఊడ్పు, అంటే నాట్లు, పడకపోతే తన ఎకరం కూడా చెరువుకిచ్చేస్తానని ఆయన ముందే చెప్పారు. ఒకసారి చెరువు తవ్వాక ఇంక ఆ నేలలో వరి మాట ఉండదు, ఆదిలక్ష్మికి చేనూ ఉండదు.

అబ్బులు గట్టున కూర్చుని బీడీ వెలిగించుకుని, ఎవరితోనూ కాదన్నట్టుగా అన్నాడు: "పాతిక రోజులాగితే పై ఊళ్ళో ఊడ్పులైపోతాయండి. ఎంత లెక్కగా పోసినా ప్రతీ వాళ్ళకీ నాలుగు కట్టల నారు మిగులుద్ది. దానికి మా వైపు వెల కట్టరండి. అడిగినోళ్ళకి ఇచ్చేత్తారు. అడక్కపోతే గట్టునే ఎండిపోద్ది."

"అయితే అడుగుదాం కదా ఆదిలక్ష్మి గారూ" అన్నాను.

"నేనడగనండి" అంది. పోయిన దాళ్వాకి నీళ్ళ వంతు దగ్గర రెండు ఊళ్ళకీ పెద్ద గొడవైంది. "పై ఊరోళ్ళ గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాను."

అప్పుడు హారిక మొదటిసారి నోరు విప్పింది. "మేమడుగుతామండి."

ఆదిలక్ష్మి దాన్ని కింద నుంచి పై దాకా చూసింది. "క్యాంపు ఎల్లుండితో అయిపోద్దంట కదమ్మా. పాతిక రోజులకి నువ్వెక్కడుంటావో ఏంటో" అంది.

రిపోర్టు

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన, "మన క్యాంపు ఊరు అది కాదు కదా మేడమ్. రిపోర్టులో ఆ ప్రస్తావన ఎందుకు?" అన్నారు.

నేను రాయలేదు. కాలువ శుభ్రం చేశాం, గ్రామస్థులు హర్షించారు అని రాశాను. ఆ కాగితం కింద నా సంతకం ఉంది. నా వృత్తిలో నేను సిగ్గుపడేవి రెండు మూడున్నాయి, వాటిలో ఇదే పెద్దది. పిల్లలు చేసింది తెలియని తప్పు. నేను చేసింది తెలిసి చేసింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంతకన్నా సూటిగా చెప్పలేను. మీ వాలంటీర్లు ఏదైనా పాడు చేస్తే అదే ముందు రాయండి, మిగతాది తరవాత రాయొచ్చు.

అడగడం

కాలేజీకి తిరిగొచ్చాక క్లాసులు, ఇంటర్నల్ పరీక్షలు, ప్రాజెక్టులు. క్యాంపు సర్టిఫికెట్లు పంచేశాం. ఆ రోజే పిల్లలందరితో అన్నాను: "ఫలానా ఆదివారం, సోమవారం మళ్ళీ వెళ్ళాలి. ఇది క్యాంపు కాదు, బస్సు పెట్టరు, భోజనాలు ఎలాగో తెలీదు. రాగలిగినవాళ్ళు రాజమండ్రి బస్టాండుకి రండి."

చేతులెత్తమని అడగలేదు. ఎత్తిన చేతులు ఆదివారం దాకా ఉండవని నాకు అనుభవమే.

ఆ ఆదివారం తెల్లవారుజామున బస్టాండులో నిలబడి ఉన్నాను. గోదావరి మీంచి మంచు లేచి వచ్చి లైట్ల చుట్టూ తిరుగుతోంది. ఎవరూ రాకపోతే ఒక్కదాన్నే వెళ్ళాలా, వెళ్ళి ఆమెకేం చెప్పాలి అని ఆలోచిస్తున్నాను. మంచులోంచి ఇద్దరొచ్చారు. తరవాత ఒకడు. అలా పది మంది అయ్యారు. యాభై మందిలో పది. హారిక రాలేదు. బస్సు బయల్దేరబోతుంటే పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో ఒక గుడ్డల మూట.

"ఏంటే అది?" అన్నాను.

"అమ్మ పాత చీరలు చింపానండి. రకానికో రంగు పీలిక. నారు కలిసిపోతే కంకి ఒకేసారి రాదు కదండీ, మీరే చెప్పారు."

అది నేను క్లాసులో ఎప్పుడో అన్న మాట. విన్నారని నాకు తెలీదు.

పై ఊళ్ళో ఊడ్పులు దాదాపు అయిపోయాయి. ఇంటింటికీ వెళ్ళి అడిగాం. ఇంతకుముందు ఇదే వీధుల్లో పిల్లలు టోపీలు పెట్టుకుని ఊరేగింపుగా నడిచారు, కరపత్రాలు పంచారు. అప్పుడు వాళ్ళ నడకే వేరు. ఇప్పుడు గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడుతున్నారు. ఇవ్వడం వాళ్ళకి అలవాటైంది, అడగడం కొత్త. మొదటి రెండిళ్ళలో నేనే మాట్లాడాల్సి వచ్చింది.

మూడో ఇల్లు సత్యనారాయణ గారిది. ఊళ్ళో పెద్ద రైతు. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. విషయం విని పేపరు మడిచి పక్కన పెట్టారు.

"కింద ఊరికా?" అన్నారు. "పోయినేడు మా తూము పలకలు ఎత్తేసింది వాళ్ళేనండి. వాళ్ళకి నేనెందుకివ్వాలి?"

నేను నోరు తెరిచేలోగా హారిక ముందుకొచ్చింది.

"వాళ్ళకి కాదండీ, మాకివ్వండి. ఆమె మడి పాడు చేసింది మేమండి. ఆ వెదుళ్ళు తియ్యమన్నది నేనేనండి."

ఆయన దానివైపు తిరిగారు. ఇలా తన తప్పు తానే చెప్పుకునేవాళ్ళు ఆయన అరుగు దగ్గరికి ఎక్కువగా వచ్చి ఉండరు.

"మీదేవూరమ్మా?"

"రాజమండ్రండి."

"చేలోకి దిగడం వచ్చా?"

"రాదండి."

ఆయన లేచి కండువా భుజాన వేసుకున్నారు. "మా గట్టున పాతిక కట్టల దాకా ఉంటాయి. మా బావమరిది చేలో కూడా ఉండాలి, అదే రకం. పదండి, నేనూ వస్తాను. నేనుంటే మిగతావాళ్ళు కాదనరు."

మధ్యాహ్నానికి ఒక ట్రాక్టరు తొట్టి నిండా నారు. ఎక్కువ భాగం ఒకే రకం, దానికి పసుపుపచ్చ పీలికలు. మిగతా రెండు రకాలకి ఎరుపూ నీలమూ. తొట్టిలో ఆ లేతాకుపచ్చ కట్టల మధ్య పిల్లలు కూర్చుని కాలువ గట్టు వెంబడి వెళుతుంటే, ఎండ కళ్ళలో పడి నాకంతా ఒక కలలాగే అనిపించింది. ఒకమ్మాయి నారు కట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పసిపాపని పట్టుకున్నట్టు.

వంకర వరసలు

కింద ఊరికి వెళ్ళేసరికి ఆదిలక్ష్మి చేను దమ్ము చేసి ఉంది. నేలంతా మెత్తగా, నున్నగా, ఊడ్పుకి సిద్ధంగా. మేం వస్తున్నట్టు ముందుగా కబురు కూడా పెట్టలేదు. అబ్బులుతో ఫలానా ఆదివారం అని ఎప్పుడో అన్న మాటే.

"మేం రాకపోతే ఏం చేసేవారండీ?" అనడిగాను.

"వత్తారో రారో అని దమ్ము మానేత్తే, వచ్చినోళ్ళు ఎక్కడ ఊడుత్తారండి?" అంది ఆమె. ఇంక ఆ సంగతి మాట్లాడలేదు. పీలికల రంగులు చూసి మాత్రం నవ్వింది. "ఇవెందుకమ్మా, ఆకు చూత్తే తెలిసిపోద్ది కదా" అంటూనే, హారిక చిన్నబోతుందేమోనని ఒక పసుపుపచ్చ పీలిక తీసి కొప్పుకి కట్టుకుంది.

తనతో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్ళని పిలిచింది. వాళ్ళు వంగారంటే ఇంక లేవడం ఉండదు. చేతులు వాటంతటవే నడుస్తాయి. మా పిల్లలు నాలుగు దుబ్బులు పెట్టి నడుం పట్టుకునేవాళ్ళు. లోతుగా గుచ్చినవి కొన్ని, పైపైన పెట్టి తేలిపోయినవి కొన్ని. హారిక మొదట కాలు దించినప్పుడు నా మొహం చూడలేదు. బురద మోకాళ్ళ దాకా వచ్చింది, అది అలాగే ముందుకెళ్ళింది. ఆదిలక్ష్మి దాని పక్కనే నడుస్తూ, "మూడు వేళ్ళతో పట్టుకో. బొటనవేలుతో నొక్కు. భూమికి నొప్పెట్టదులే" అంటూ నేర్పించింది. తేలిపోయిన దుబ్బుల్ని వెనక నుంచి ఒకామె సరిచేస్తూ వచ్చేది.

రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ భోజనం ఆ ముగ్గురు ఆడవాళ్ళ ఇళ్ళ నుంచే వచ్చింది. గట్టు మీద కూర్చుని కాళ్ళకి బురదతోనే పచ్చిపులుసు అన్నం తిన్నారు. సోమవారం సాయంత్రం ఆఖరి మూల పూర్తయ్యేసరికి ఎకరం మొత్తం సన్నగా పచ్చబడింది. వరసలు మాత్రం పాము పాకినట్టున్నాయి.

కాలువలో కాళ్ళు కడుక్కుంటుంటే హారికతో అన్నాను: "ఈ రెండు రోజులూ మీ పదకొండు మందికీ గంటల్లో కలిపేస్తానమ్మా. ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాను."

"వద్దండీ, రాయకండి" అంది.

"అదేంటే? క్యాంపులో కన్నా ఎక్కువ కష్టపడ్డారు."

"ఇది సేవ ఎలా అవుతుందండీ? పాడు చేసిందే కదా బాగు చేశాం."

ఈ బాధ్యత తీసుకున్న కొత్తలో నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకి సరిపోవు. యూనివర్సిటీలో చదివే పిల్లలకి వాలంటీరు పని ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను. పుస్తకంలో తప్పు రాస్తే మార్కులు పోతాయి. ఊళ్ళో తప్పు చేస్తే ఒక మనిషి మడిలో నిలబడి మీకేసి చూస్తుంది. ఆ చూపు ముందు ఎలా నిలబడాలో ఇరవై ఏళ్ళప్పుడు నేర్చుకున్నవాళ్ళు తరవాత ఏ ఉద్యోగంలోకి వెళ్ళినా, కింద ఎవరున్నారో ఒకసారి చూసుకుంటారు. నేను మాత్రం యాభై దాటాక వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.

మేం బయల్దేరుతుండగా రోడ్డు మీద ఒక మోటారుసైకిలు ఆగింది. చేను గలాయన. ఊడ్పు పడిందో లేదో చూసుకుందామని భీమవరం నుంచి వచ్చారు. దిగి గట్టు మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, చేనంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. పొద్దు వాలుతోంది. ఆ వంకర వరసల మధ్య నీళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. మా పిల్లలు తడిసిన బట్టలతో ఒకళ్ళ వెనక ఒకళ్ళు నిలబడి ఆయన్నే చూస్తున్నారు.

"ఊడ్పు పడిందన్నమాట" అన్నారాయన. తరవాత కాస్త ముందుకి వంగి, "ఎవరమ్మా ఊడ్చింది, ఇంత వంకరగా?"

ఆదిలక్ష్మి తల తిప్పి మా వైపు చూసింది.

"మా పిల్లలేనండి" అంది.

ఆయన సరేనన్నట్టు తలూపారు. బండి తిప్పుకుని వెళ్ళిపోయారు. చుట్టూ ఉన్న చేలు ఇప్పుడన్నీ చెరువులే. ఆ ఎకరంలో మాత్రం ఈ దాళ్వాకి కూడా ఆదిలక్ష్మి వరే వేసింది.